చూసేవాళ్ళ లెక్క

మా మామగారు పోయిన వారం ఒక ఉదయం కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కళ్ళు మూసుకుని మళ్ళీ తెరవలేదని పాఠకులకు విచారంతో తెలియజేస్తున్నాను. ఆయన గుంటూరు పట్నంబజారులో మిర్చి కమీషన్ కొట్టు నడిపారు. వీడియో గేముల పరిశ్రమపై ఈ జిల్లాలో తుది మాట చెప్పగల ఏకైక వ్యక్తిగా తమను తామే నియమించుకున్నారు. ఆ నియామకాన్ని రద్దు చేసే అధికారం ఎవరికీ లేకపోవడంతో చివరిదాకా పదవిలోనే కొనసాగారు. పోయేటప్పుడు బాధపడలేదు. కాఫీలో చక్కెర తక్కువైందన్నట్టు ముఖం పెట్టారని అత్తగారు చెప్పారు. అది రోజూ పెట్టే ముఖమే.

పరామర్శకు వచ్చినవారిలో కొందరు మా ఇంట్లో ఏడుపుతోపాటు ఒక రకమైన తేలికదనం కూడా ఉండటం గమనించి, వీధి మలుపు తిరిగాక దాని గురించి మాట్లాడుకున్నట్టు నాకు తెలిసింది. అపోహలకు తావివ్వకుండా దాని కారణం వివరించడం అదే ఇంట్లో ఉంటున్న అల్లుడిగా నా విధి. ఆ తేలికదనం ఆయన పోయినందుకు కాదు. కొడుకుతో ఒక్క మాటైనా మాట్లాడకుండానే ఆయన వెళ్ళిపోతారేమోనన్న భయంతో మేము రెండేళ్ళు గడిపాం. ఆ భయం ఆయనకంటే కొన్ని వారాలు ముందే పోయింది. మా ఊరట ఆ భయానికి సంబంధించినది.

విషయపు పూర్వాపరాలు ఇవి. ఆయన ఏకైక కుమారుడు, అంటే నా బావమరిది, పదేళ్ళు మిర్చి యార్డులో తండ్రి వెనక తిరిగి ఆ వ్యాపారం ఆసాంతం నేర్చుకుని, నేర్చుకున్నాక అది వద్దనుకున్నాడు. మద్రాసులో ఎవరో వదిలించుకుంటున్న వీడియో గేమ్ యంత్రాలు కొని, బ్రాడీపేటలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. రవాణా ఖర్చు కలిసివస్తుందని, మద్రాసులో మిర్చి దింపి ఖాళీగా తిరిగి వచ్చే లారీలో ఆ యంత్రాలను తెప్పించాడు. మిర్చి లారీ ఎన్నడూ పూర్తిగా ఖాళీగా ఉండదన్న సంగతి, మిర్చి వ్యాపారి కొడుకై ఉండి కూడా, ఆ తొందరలో మరిచిపోయాడు. దారి పొడుగునా యంత్రాల కడుపులోకి కారం చేరింది. ప్రారంభోత్సవం రోజున మీట వేయగానే ఒక్కో యంత్రం వెనకా ఫ్యాను తిరిగింది. గదిలో ఉన్నవారందరూ, కొబ్బరికాయ కొట్టిన పంతులుగారితో సహా, దగ్గుతూ రోడ్డు మీదికి వచ్చారు. ఆ వార్త మామగారికి చేరినప్పుడు నేను అక్కడే ఉన్నాను. "మన సరుకు ఎక్కడున్నా తెలుస్తుంది" అన్నారు. ఆ గొంతులో కోపంతోపాటు కొంత గర్వం కూడా ఉందని నా అభిప్రాయం.

అసలు గొడవ ఆ మర్నాడు జరిగింది. కొత్త కాయ యార్డుకి రావడం మొదలైన రోజులు. బస్తాలు దిగుతున్నాయి. బావమరిది ఏదో పని మీద అటు వెళ్ళాడు. మామగారు హమాలీలందరి ముందూ నిలదీశారు.

"ఏరా, బస్తాలు దిగుతుంటే నువ్వు బొమ్మలు దించుకుంటున్నావా?"

"నువ్వమ్మేది కారం నాన్నా, నేనమ్మేది సరదా. ఎవరి కొట్టులోంచి ఎక్కువమంది ఏడుస్తూ పోతారో చూద్దాం."

హమాలీలు నవ్వారు. మామగారు మాటకు నొచ్చుకునే మనిషి కాదు. యార్డులో అంతకంటే పెద్ద మాటలు పొద్దున్నే అనేవారు, పడేవారు. ఆ నవ్వు మాత్రం ఆయన ఇంటిదాకా మోసుకొచ్చారు. ఇక వాడితో మాట్లాడేది లేదనీ, వాడి కొట్టు గడప తొక్కేది లేదనీ భోజనం ముందు ప్రకటించి, భోజనం చేశారు. కొడుకు తక్కువ తిన్నవాడు కాదు. ముందు ఆయన పలకరిస్తేనే తను పలుకుతానన్నాడు. ఆ రోజు నుంచి ఒకే ఇంట్లో, ఒకే వంట తింటూ, ఒకరు వసారాలో ఉంటే రెండోవారు పెరట్లో ఉండే ఏర్పాటు అమల్లోకి వచ్చింది.

అత్తగారు ఒకరోజు కూర తరుగుతూ నాతో మెల్లగా అన్నారు. "వీళ్ళిద్దరూ ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడుకుంటారు బాబూ. ఒకళ్ళు పోయాక రెండోవాళ్ళు మాట్లాడతారేమోనని నా భయం." ఆ తర్వాత ఆ విషయం మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎవరూ మరిచిపోనూ లేదు.

మామగారు కొడుకుతో మాట్లాడటం మానేశారు గానీ, కొడుకు వ్యాపారం గురించి మాట్లాడటం మానలేదు. పైగా అప్పుడే మొదలుపెట్టారు. రైల్వే స్టేషను పుస్తకాల కొట్టులో వారం వారం ఒక ఇంగ్లీషు పత్రిక కొనడం, అందులో ఆ పరిశ్రమ గురించి ముక్క కనబడితే నాచేత చదివించి తెలుగులో చెప్పించుకోవడం నియమం చేసుకున్నారు. నేను కాలువల శాఖలో ఉద్యోగిని. ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి వెళ్ళే దారిలో బ్రాడీపేట ఉండటం నా దురదృష్టం. తండ్రి అభిప్రాయాలు కొడుక్కీ, కొడుకు ఖండనలు తండ్రికీ చేరవేసే బాధ్యత, ఏ ఉత్తర్వూ లేకుండానే, నా మీద పడింది.

కొన్నేళ్ళ కిందట అమెరికాలో ఈ ఆటల వ్యాపారం ఒక్కసారిగా కూలిపోయిన సంగతి, కొనేవాళ్ళు లేక సరుకంతా గోడౌన్లలో పడి ఉన్న సంగతి ఒకసారి చదివి వినిపించాను. మామగారు కళ్ళు మూసుకుని విన్నారు.

"తాలు కలిపారు అల్లుడుగారూ" అన్నారు.

తాలు అంటే రంగు పోయి తెల్లబడిన మిరపకాయ. మంచి బస్తాలో నాలుగు పిడికిళ్ళు తాలు కలిపి ఒకసారి అమ్మవచ్చు. రెండోసారి అదే మనిషి మంచి బస్తా తెచ్చినా ఎవరూ చెయ్యి పెట్టరు. అమెరికాలో ప్రతివాడూ ఆటలు చేయడం మొదలుపెట్టి ఉంటాడనీ, పత్తికి ధర వచ్చిన మర్నాడు ప్రకాశం జిల్లాలో ప్రతివాడూ పత్తి వేసినట్టేననీ, జనం రెండుసార్లు మోసపోయి మూడోసారి ఆటల డబ్బాలవైపే చూడటం మానేసి ఉంటారనీ తీర్పు చెప్పారు. పత్రికలో కింది పేరాలో ఇంచుమించు అదే ఉంది. ఇదొక్కటే ఆయన చెప్పింది నిజమైన సందర్భం అని రికార్డు కోసం పేర్కొంటున్నాను. జపాను వాళ్ళు ఒక్కో ఆటనూ పరీక్షించి ముద్ర వేసి మరీ పంపుతూ ఆ మార్కెట్టును మళ్ళీ లేపుతున్నారని చదివినప్పుడు, "గ్రేడింగు. నేను చెప్పలేదూ?" అన్నారు. చెప్పలేదు. టీవీకి తగిలించుకునే డబ్బాలు మన దేశానికి ఎన్నటికీ రావనీ, మనవాళ్ళు టీవీని దేవుడి పటంలా చూస్తారు గనక దానికి తీగలు తగిలించనివ్వరనీ కూడా అన్నారు. మా వీధిలో ఒకరింట్లో అప్పటికే తగిలించి ఉంది.

నేను ఈ తాలు సిద్ధాంతాన్ని బ్రాడీపేటకు చేరవేశాను. బావమరిది స్క్రూడ్రైవర్ పక్కన పెట్టకుండానే, అమెరికా సంగతి నాన్నకెందుకు, బ్రాడీపేట సంగతి చూసుకోమను అన్నాడు. ఇంకో స్క్రూ బిగించి అడిగాడు.

"నిజంగా తాలు అనే అన్నాడా బావా?"

అన్నారన్నాను. మర్నాడు వెళ్ళేసరికి, ఎవరికీ నచ్చని గుర్రపు పందెం ఆట ఉన్న యంత్రం మూలకు చేరి, దాని మీద గుడ్డ కప్పి ఉంది. ఈ సంగతి మామగారికి చెప్పాను. ఆ రాత్రి ఆయన పెరుగు రెండోసారి వేయించుకున్నారని అత్తగారి కథనం.

యంత్రాల విషయంలో ఆయనకు స్థిరమైన అభిప్రాయాలుండేవి. ఆడేవాళ్ళు పట్టుకుని తిప్పే ఆ కర్ర తుమ్మ చెక్కతో చేయించాలనీ, ప్లాస్టిక్ ఏ దేశంలో చేసినా ప్లాస్టిక్కేననీ వాదించేవారు. ఒకసారి యార్డు హమాలీ ఒకతను పని దిగి నేరుగా ఆటకు వెళ్ళి, మధ్యలో కన్ను నలుపుకుని, తెర మీది ఓడను బండకు గుద్ది, పది నిమిషాలు రోడ్డు మీద గెంతాడు. అతని తర్వాత అదే కర్ర పట్టుకున్న కాలేజీ కుర్రాడికీ అదే జరిగింది. దాంతో బావమరిది గుమ్మంలో బకెట్టు, సబ్బు పెట్టి, చేతులు కడుక్కుని ఆడవలెనని బోర్డు రాయించాడు. యార్డుకు ఇంతకంటే అవమానం లేదని మామగారు మండిపడ్డారు. మండిపడటం పూర్తయ్యాక నన్ను దగ్గరకు పిలిచారు.

"నీళ్ళతో కారం మంట పోదని వాడికి తెలియదా? ముందు నూనె రాసి, ఆ తర్వాత సబ్బు పెట్టమనండి. నేను చెప్పానని చెప్పొద్దు."

"మరి ఎవరు చెప్పారని చెప్పమంటారు మావయ్యగారూ?"

"మీ శాఖ చెప్పిందనండి."

కాలువల శాఖ సూచన మేరకు సదరు గుమ్మంలో మర్నాటి నుంచి నూనె సీసా వెలిసింది. మా శాఖ సూచనలు అంత త్వరగా అమలు కావడం నా ఉద్యోగకాలంలో అదే మొదటిసారి. సూచన ఎక్కడి నుంచి వచ్చిందో బావమరిది అడగలేదు. సీసా మాత్రం ఇంట్లో వాడే సీసానే.

ఇక అసలు వివాదం. రోజుకు ఎంతమంది ఆడుతున్నారన్నది. బావమరిది సాయంత్రాలు ఒక అంకె చెప్పేవాడు. నేను దాన్ని వసారాలో దాఖలు చేసేవాణ్ణి. మామగారు దాన్ని కొట్టిపారేసేవారు. ఎందుకంటే, ఒకడు ఆడుతుంటే వెనక పదిమంది నిలబడి చూస్తారు. కొడుకు వాళ్ళందర్నీ కలిపి చెబుతున్నాడు.

"యార్డుకొచ్చే ప్రతివాడూ కొనేవాడేనా? కాయ నలిపి, వాసన చూసి, నాలుగుసార్లు తుమ్మి, టీ తాగి పోయేవాళ్ళు లేరూ? వాళ్ళని లెక్కేస్తే నేనెప్పుడో కోటీశ్వరుణ్ణి" అని తండ్రి వాదం.

వెనకవాళ్ళు అరుస్తుంటేనే ముందున్నవాడు ఆడగలుగుతున్నాడనీ, ఎటు తప్పుకోవాలో చెప్పేది వాళ్ళేననీ, అందులో ఒక్కడు ఇంటికి పోయినా ఆట పాడవుతుందనీ, అలాంటివాణ్ణి ఆటగాడు కాదనడం అన్యాయమనీ కొడుకు జవాబు. అలాగైతే పెళ్ళికొచ్చినవాళ్ళంతా పెళ్ళికొడుకులేనా అని తండ్రి. పెళ్ళికొచ్చినవాళ్ళు లేకపోతే అది పెళ్ళి కాదు, రిజిస్ట్రారాఫీసు అని కొడుకు. కాలువలోకి వదిలిన నీరు, చివరి పొలానికి చేరిన నీరు ఒకటి కావన్న మా శాఖ అనుభవాన్ని ఉదాహరణగా చెప్పబోతే, ఇద్దరూ, విడివిడిగా, నన్ను కూర్చోమన్నారు.

పాఠకులు ఇది అంకెల తగాదా అనుకోవచ్చు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. చూసేవాళ్ళు లెక్కకు రారంటే కొడుకు కొట్టు పనీపాటా లేనివాళ్ళు నిలబడే చోటు. వస్తారంటే అది నలుగురూ కోరి వచ్చే చోటు, యార్డులాంటిదే. తండ్రి నోటితో అది అనిపించుకోవాలని కొడుకు పట్టు. అలా అంటే తనే ముందు మెట్టు దిగినట్టవుతుందని తండ్రి పట్టు.

ఆయన మనసులో ఏముందో నాకు తెలిసిన సందర్భం ఒకటుంది. పెదకాకానిలో బంధువుల పెళ్ళికి వెళ్ళాం. పంక్తిలో పక్కన కూర్చున్న పత్తి వ్యాపారి ఒకాయన పులిహోర కలుపుకుంటూ, మీవాడు బొమ్మల కొట్టు పెట్టాడటగా అని నవ్వాడు. మామగారు విస్తరి మీద నుంచి తలెత్తలేదు.

"బొమ్మల కొట్టు కాదండీ. పరిశ్రమ."

అంత నెమ్మదిగా ఆయన మాట్లాడగా నేను అంతకు ముందు వినలేదు. పత్తి వ్యాపారి ఆ తర్వాత పాయసం గురించే మాట్లాడాడు. తిరుగు బస్సులో మామగారు నావైపు చూడకుండా, ఆ ముక్క మాత్రం చేరవేయొద్దన్నారు. చేరవేయలేదు. ఇప్పుడు ఆ ఆంక్ష తొలగిందని భావిస్తున్నాను.

ఈ ఏడాది కళ్ళాల మీద కాయ ఎండుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. నోట మాట పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక, డాక్టరు, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి, మాట మాత్రం వస్తుందో రాదో చెప్పలేను అన్నాడు. అత్తగారు నావైపు చూశారు. అనవలసిన మాట ఎప్పుడో అనేశారు. ఇప్పుడిక ముందు పలకరించాల్సినాయనకు పలుకే లేదు.

బావమరిది ఆసుపత్రిలో అన్ని పనులూ చేశాడు. మందులు తెచ్చాడు, బయట బల్ల మీద పడుకున్నాడు. తండ్రి మెలకువగా ఉన్నప్పుడు మాత్రం గదిలోకి రాలేదు. వస్తే ఆయన మొహం తిప్పుకుంటాడేమోనని భయమని మా ఆవిడతో అన్నాడట. ఇంటికొచ్చిన మూడోనాడు పొద్దున, మంచం పక్కన మందుల సీసా పెట్టడానికి వచ్చి, ఆయన కళ్ళు తెరిచి ఉండటం చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

మామగారు కొడుకును చూశారు. ఎడమచెయ్యి కదిలించి, దిండు మీద ఉన్న తువ్వాలు లాక్కున్నారు. చెమట తుడుచుకుంటారనుకున్నాం. తుడుచుకోలేదు. తువ్వాలును చేతి మీద కప్పుకుని, ఆ చేతిని మంచం అంచు దాకా జరిపి, అక్కడ ఉంచారు.

నాకు అర్థం కాలేదు. కొడుక్కి అర్థమైంది. యార్డులో బేరం నోటితో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాలు కింద చేతులు కలుపుతారు. ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది నిలబడ్డా ఎంత అన్నారో, ఎవరు తగ్గారో ఆ ఇద్దరికి తప్ప తెలియదు. చెయ్యి విదిలిస్తే కుదరలేదని, గట్టిగా నొక్కితే ఖాయమని. యార్డులో ఎడమచెయ్యి ఇవ్వరు. ఆ ఒక్క నియమం ఆ రోజు సడలించబడింది.

బావమరిది వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుని, తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు.

సరుకేమిటో చెప్పనక్కర్లేదు. రెండేళ్ళుగా వాళ్ళ మధ్య ఉన్న సరుకు ఒకటే. తువ్వాలు కింద కదలిక కనబడుతోంది. ఒకసారి చెయ్యి విదిలించినట్టయింది. మళ్ళీ కలిసింది. బేరం నడిచినంతసేపు మొహంలో ఏమీ కనబడకూడదని యార్డు కట్టుబాటు. ఆ ఇద్దరూ దాన్ని పాటించారు. గదిలో ఉన్న మిగతావాళ్ళు పాటించలేకపోయారు. చాలాసేపటికి తువ్వాలు కదలడం ఆగింది.

"సగమంటున్నాడు" అన్నాడు బావమరిది, తలెత్తకుండా.

"ఏంట్రా సగం?" అన్నారు అత్తగారు.

"చూసేవాళ్ళు. ఒక్కొక్కణ్ణి అర ఆటగాడి కింద వేసుకోమంటున్నాడు."

"మరి నువ్వేమన్నావు?"

"ముప్పావు అడిగాను. ఒప్పుకోలేదు." తలెత్తి తండ్రిని చూశాడు. "సగానికి ఖాయం చేశాం నాన్నా."

మామగారు మళ్ళీ గట్టిగా నొక్కారు కాబోలు, తువ్వాలు ముడుచుకుంది. ఆ క్షణంలో నా చేరవేత పదవి రద్దయింది. ఎలాంటి పింఛనూ లేకుండా రద్దయినా, నేనంతగా సంతోషించిన రోజు మరొకటి లేదు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను కూడా. కారం ఘాటని మా ఆవిడకు చెప్పాను. ఆ వేళ పొయ్యి మీద పాలు తప్ప ఏమీ లేవు.

ముందు మెట్టు దిగింది ఎవరన్నది తర్వాత మా ఇంట్లో చర్చకు వచ్చింది. చెయ్యి చాపింది తండ్రి గనక తండ్రేనని ఒక వాదం. నోరు తెరిచి నాన్నా అన్నది కొడుకు గనక కొడుకేనని మరో వాదం. అత్తగారు మమ్మల్ని లోపలికి రమ్మని, అన్నం చల్లారిపోతోందని చెప్పి చర్చ ముగించారు.

యార్డులో ధర ఖాయమైతే సరిపోదు. సరుకు కళ్ళతో చూస్తేగానీ కాటా వేయరు. కొంచెం కూర్చోగలుగుతున్నారనగానే మామగారు ఎడమచేత్తో వీధి గుమ్మం వైపు చూపించడం మొదలుపెట్టారు. డాక్టరు వద్దన్నాడు. మామగారు డాక్టరుకూ తువ్వాలు చాపారు. డాక్టరుకు ఆ భాష రాదు గనక సరేనన్నాడు. ఒక సాయంత్రం రిక్షా ఎక్కించి, అటు కొడుకు, ఇటు నేను పట్టుకుని, బ్రాడీపేట తీసుకెళ్ళాం. గుమ్మం దగ్గర రిక్షా దిగి, తొక్కనన్న ఆ గడప మీద ఆయన కాసేపు ఆగారు. తర్వాత తొక్కారు.

గది నిండా జనం. ఆయన్ను చూసి యార్డు మనుషులిద్దరు బెంచీ వదిలి లేచారు. కుర్చీ తెచ్చి, అందరి వెనకాల, పెద్ద యంత్రానికి ఎదురుగా వేశారు. ఎవర్ని ఆడిద్దామా అని బావమరిది అటూ ఇటూ చూశాడు. తన కొట్టులో అతను ఆడగా నేను ఎన్నడూ చూడలేదు. ఆ రోజు తనే చేతికి నూనె రాసుకుని, సబ్బుతో కడుక్కుని, తండ్రికి వీపు చూపిస్తూ యంత్రం ముందు నిలబడ్డాడు.

చీకటి ఆకాశం, చిన్న తెల్లటి ఓడ, పైనుంచి దొర్లిపడే బండలు. బాగా ఆడలేదతను. వెనకాల జనం కేకలు పెడుతున్నారు. కేకలు వేయలేని ఒక్క మనిషి తెర వంక కళ్ళార్పకుండా చూస్తున్నారు. కుడి మూల నుంచి పెద్ద బండ ఒకటి ఓడ మీదికి వస్తోంది. బావమరిది కర్రను ఎడమకు లాగాడు. గదిలో ఉన్నవాళ్ళంతా, తెలియకుండానే, ఎడమకు ఒరిగారు. ఏ ఆసరా లేకుండా కూర్చోలేరని డాక్టరు చెప్పిన మామగారు కూడా ఒరిగారు. పడిపోతారని నా చెయ్యి కుర్చీ దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది. బండ పక్కనుంచి పోయింది. జనం నిట్టూర్చి మళ్ళీ నిటారుగా నిలబడ్డారు. ఆయన మాత్రం తెర వెలుగు మొహం మీద పడుతుండగా, తర్వాత రాబోయే బండ కోసం అలాగే ఒరిగి ఉన్నారు.